కంపు ఎవరిది, చాకిరీ ఎవరిది?

'కుందేలు కంపు కొడుతోంది, ఏదన్నా చెయ్యి.' ఈ వాక్యంలో కర్త కనపడదు. 'నువ్వు' అనే మాట అధ్యాహారం అని వ్యాకరణం చెబుతుంది. ఆ నువ్వు ఎవరో మాత్రం చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇంట్లో నలుగురు కూర్చుని ఉండగా ఈ మాట ఎవరన్నా సరే, లేచి చీపురూ బకెట్టూ అందుకునేది ఒక్క మనిషే.

బందరులో, గుడివాడలో, దివిసీమ ఊళ్ళల్లో ఇంట్లో కుందేలును పెంచుకునేవాళ్ళతో కొంతకాలంగా మాట్లాడుతున్నాను. నా దగ్గరా ఒక కుందేలు ఉంది గనక మాటలు తేలిగ్గానే కలుస్తాయి. నేను వెళ్ళిన ఇళ్ళల్లో కథ దాదాపు ఒకటే. కావాలన్నది పిల్లలు. కొనుక్కొచ్చింది నాన్న. కడిగేది అమ్మ. మొదటివారం అది ఇంటిల్లిపాదికీ ముద్దు. మూడోవారానికి వాసన మొదలవుతుంది. అప్పట్నించీ అది 'మీ అమ్మ కుందేలు' అయిపోతుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఇంట్లో కుందేలు వాసన జంతువు తెచ్చిన సమస్య కాదు, శ్రమ విభజన తెచ్చిన సమస్య. ఆ వాసన తగ్గే మార్గం ఉంది. అది ఏ సీసాలోనూ దొరకదు. రోజూ ఎవరో ఒకరు నడుం వంచి చెయ్యాల్సిన పని అది. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది తేల్చకుండా ఇచ్చే ప్రతి సలహా, పైకి శాస్త్రీయంగా కనిపించినా, స్త్రీ పనిగంటలకు మరికొంత కలిపే ఆజ్ఞే.

సాహిత్య పత్రికలో కుందేలు మూత్రం గురించి రాయడమేమిటని నవ్వేవాళ్ళు ఉంటారు. వంటింటి గురించి, బహిష్టు గురించి, పురిటినొప్పుల గురించి రాసినప్పుడూ ఇలాగే నవ్వారు. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ ఒక గృహిణి తన పేరే మర్చిపోతుంది. ఇల్లు అద్దంలా ఉండటానికీ, అందులో ఒక మనిషి చెరిగిపోవడానికీ ఉన్న సంబంధం ఆ కథ చదివినవాళ్ళకి తెలుసు. కుందేలు బోను ఉన్నది ఆ ఇంట్లోనే, ఒక మూల.

ముందు వాసన సంగతి సూటిగా చూద్దాం. ఎందుకంటే ఇందులో అజ్ఞానం కూడా స్త్రీల మీద పడే బరువే. తెలియక చేసే పని రెట్టింపు పని.

మనవైపు పెద్దవాళ్ళు చెవులపిల్లి అని పిలిచే ఈ జీవి స్వతహాగా మురికిది కాదు. పిల్లిలాగే రోజులో చాలాసేపు ఒళ్ళు నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. దాని పెంటికలు గుండ్రంగా, పొడిగా ఉంటాయి. వాటికి వాసన దాదాపు ఉండదు, నేరుగా పూలకుండీలో వేసుకోవచ్చు. ముక్కుపుటాలు అదిరే వాసన మూత్రానిది. మూత్రంలోని యూరియాను బాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. తడి ఎంతసేపు నిలవుంటే అంత అమ్మోనియా. మన డెల్టా గాలిలో అసలే తేమ ఎక్కువ. వానాకాలంలో బందరులో దండెం మీద బట్టలే ఆరవు, బోనులో తడిసిన గడ్డి ఏం ఆరుతుంది? పైగా కుందేలు మూత్రంలో కాల్షియం ఎక్కువ. అది ట్రేలో తెల్లటి చారగా పేరుకుని వాసనను పట్టి ఉంచుతుంది. సబ్బునీళ్ళకు లొంగదు.

రెండో కారణం తిండి. గట్టి పెంటికలు కాక కుందేలు మరో రకంగా కూడా విసర్జిస్తుంది. చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా అంటుకుని ఉండే వీటిని అది వెంటనే తినేస్తుంది, దానికి కావలసిన పోషకాలు అందులో ఉంటాయి. పిల్లలు ముద్దుకొద్దీ బిస్కెట్లు, బ్రెడ్డు, అరటిపండు పెట్టినప్పుడు పొట్ట చెడి, అవి తినకుండా మిగిలిపోయి ఒంటికి అంటుకుంటాయి. ఆ కంపు నిజంగానే భరించలేం. కుందేలు తిండిలో పెద్దభాగం గడ్డి ఉండాలి. మందు కొట్టని చోట కోసి కడిగిన గరిక ఎంతో మంచిది. మూడో కారణం వయసు. ఎదిగిన మగకుందేలు తన హద్దులు చాటుకోవడానికి గోడల మీదా మంచాల మీదా మూత్రం చిమ్ముతుంది. ఆపరేషన్ చేయిస్తే కొన్ని వారాల్లో ఇది చాలావరకు తగ్గుతుంది. ఆడకుందేలుకైతే ఆపరేషన్ ప్రాణరక్షణ కూడా, ఎందుకంటే వయసు మీదపడిన ఆడకుందేళ్ళలో గర్భాశయ క్యాన్సరు ఎక్కువ. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. కుందేలుకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరు ఎవరో కనుక్కుని వెళ్ళాలి.

ఇక రోజువారీ పని. కుందేలు విసర్జనకు సాధారణంగా ఒకే మూలను ఎంచుకుంటుంది. ఆ మూలలో ట్రే పెట్టి, అడుగున పాత న్యూస్‌పేపర్లు, పైన ఎండుగడ్డి పరచాలి. తినే గడ్డిని ట్రేకి ఆనించి పెట్టాలి, తింటూ విసర్జించడం దాని అలవాటు. తడిసినదాన్ని రోజూ తీసెయ్యాలి. వారానికి ఒకటి రెండుసార్లు వెనిగరు, నీళ్ళు సగం సగం పోసి ట్రేను కాసేపు నానబెట్టి, రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టాలి. వెనిగరు ఆమ్లం కాబట్టి తెల్లచారను కరిగిస్తుంది, అమ్మోనియాను వాసన లేని లవణంగా మార్చేస్తుంది. బోనును గాలి ఆడే చోట, ఎండ నేరుగా తగలని చోట ఉంచాలి. అంతే. ఇందులో రహస్యమేమీ లేదు.

దీనికి బదులుగా మనకు అందే సలహాలు చూడండి. సాంబ్రాణి వెయ్యి, అగరొత్తి వెలిగించు, రూమ్ స్ప్రే కొట్టు. పొగా పరిమళాలూ అమ్మోనియాను తియ్యవు, దాని మీద దుప్పటి కప్పుతాయి. కుందేలు సున్నితమైన ఊపిరితిత్తుల్లోకి ఇప్పుడు రెండూ పోతాయి. ఫినాయిలుతో కడుగు, కలరా ఉండలు పెట్టు. రెండూ దానికి విషమే. బూడిదో సున్నమో చల్లు. అవి క్షారాలు, మూత్రంలోని అమ్మోనియాను ఇంకా ఎక్కువగా గాలిలోకి వదిలేలా చేస్తాయి. బ్లీచింగు పౌడరు మూత్రంతో కలిస్తే మనుషుల గొంతులు కూడా మండించే వాయువులు పుడతాయి. స్నానం చేయించు అంటారు. నీళ్ళలో ముంచితే భయంతో, చలితో కుందేలు ప్రాణం మీదికి రావచ్చు.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చదవండి. వాసనను దాచేవన్నీ హాని చేస్తాయి. వాసనను తీసేసేవన్నీ పని. మధ్యలో మూడోది లేదు. మనం మాత్రం మూడోదాని కోసమే వెతుకుతాం. ఎవరూ పని చెయ్యకుండా కంపు పోవాలి. లేదా, ఎవరు చేస్తున్నారో కనపడకుండా పని జరిగిపోవాలి. రెండో కోరిక తీర్చడానికే కుటుంబం అనే ఏర్పాటు ఉంది.

ఆ పని ఎంతసేపు? మహా అయితే రోజుకి పావుగంట, ఇరవై నిమిషాలు. 'ఇంత చిన్నపనికి ఇంత రాద్ధాంతమా?' అంటారు. అంత చిన్నదే అయితే మీరే చెయ్యొచ్చుగా అని ఎదురు అడగాలి. చిన్నపనులన్నీ కలిస్తే ఎంతవుతాయో లెక్కలున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తుంటే, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. అంటే ఇద్దరికీ కాస్త తగ్గింది, తేడా ఎక్కడిదక్కడే ఉంది. ఇవి ఆ పనుల్లో చెయ్యి పెట్టినవాళ్ళ సగటులు మాత్రమే. అసలు చెయ్యి పెట్టనివాళ్ళు ఈ సగటులోకి రారు. 2019 లెక్కల్లోనే నూటికి ఎనభైమందికి పైగా స్త్రీలు రోజూ ఇంటిపనుల్లో ఉంటే, పురుషుల్లో అలాంటివాళ్ళు నూటికి ఇరవయ్యారుగురు. ఈ సర్వేలు వాడే అంతర్జాతీయ వర్గీకరణలో పెంపుడు జంతువుల సంరక్షణ కూడా ఇంటిపనుల కిందికే వస్తుంది. గణాంకశాస్త్రం దాన్ని పని అని ఒప్పుకుంది. మన ఇళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. మన ఇళ్ళల్లో దాని పేరు ప్రేమ.

'అది ఆవిడకే అలవాటైంది, ఆవిడ చేతుల్లోనే ఉంటుంది' అంటారు గర్వంగా. కడిగే చేతికి, గడ్డి పెట్టే చేతికి ఏ జీవి అయినా అలవాటవుతుంది. ముందు చాకిరీ అంటగట్టి, ఆ చాకిరీలోంచి పుట్టిన మమకారాన్ని చూపించి, 'చూశారా, ఆమెకది ఇష్టం' అని తేల్చెయ్యడం పితృస్వామ్యానికి కొత్త కాదు. పిల్లల పెంపకంలో ఇదే చేసింది, ముసలివాళ్ళ సేవలో ఇదే చేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని వాదించేవాళ్ళతో ఎలాగో వేగొచ్చు. నాలుగు కాళ్ళూ తుడిచేది తాను కాదు గనక ఎన్నున్నా ఒకటే అనుకునేవాళ్ళతోనే కష్టం.

మగవాళ్ళు చీపురు పట్టలేరా? పట్టగలరు. దివిసీమకు ముఖద్వారం లాంటి చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి డాక్టర్లు, ఉపాధ్యాయులు, రైతులు, స్త్రీలూ పురుషులూ తెల్లవారకముందే వీధుల్లోకి వచ్చి ఊరు ఊడుస్తున్నారు. 'స్వచ్ఛ చల్లపల్లి' పేరు దూరాలకు వెళ్ళింది. వాళ్ళ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. నా ప్రశ్న వాళ్ళకు కాదు, వాళ్ళను మెచ్చుకునే మనకు. వీధిలో చీపురు పట్టిన మగవాడు మనకు ఆదర్శవంతుడు. అదే చీపురు ఇంట్లో పడితే ఆడంగి, పెళ్ళాం చాటు మొగుడు. వీధిలో మగవాడు ఒకపూట ఊడ్చినా ఫోటో వస్తుంది. ఇంట్లో నలభై ఏళ్ళు ఊడ్చిన స్త్రీకి నడుంనొప్పి వస్తుంది. చీపురులో తేడా లేదు, ఊడ్చే నేలలోనే ఉంది. బయట చేస్తే సేవ, లోపల చేస్తే విధి. తడిసిన గడ్డి తియ్యడం మగవాళ్ళ చేతకాదనే వాదన చల్లపల్లి వీధుల్లో రోజూ ఓడిపోతోంది. అది ఇళ్ళల్లో కూడా ఓడిపోవాలి.

ఇక్కడ చదువుకున్న స్త్రీలం మనం మరో దారి వెతుక్కుంటాం. పనిమనిషి. అంట్లూ బట్టలూ మాట్లాడుకున్న జీతంలోనే 'ఆ ట్రే కూడా కాస్త కడిగెయ్యమ్మా' అనేస్తాం. ఆ 'కాస్త' అనే మాట ఎంత బరువో ఆలోచించం. సదస్సుల్లో అదృశ్య శ్రమ గురించి పత్రాలు చదువుతాం. 1972లో యూరప్ స్త్రీవాదులు మొదలుపెట్టిన 'ఇంటిచాకిరీకి వేతనం' ఉద్యమాన్ని పాఠాల్లో చెబుతాం. ఇంటికొచ్చేసరికి కుందేలు మూత్రం మనకంటే పేద స్త్రీ చేతికి, చాలాసార్లు దళిత స్త్రీ చేతికి చేరిపోయి ఉంటుంది. భర్తతో పేచీ తప్పించుకోవడానికి ఆ బరువును మరో ఆడమనిషి వీపు మీదికి దించడం విముక్తి కాదు. మలమూత్రాలెత్తే పనిని ఈ దేశం ఏ కులాలకు అంటగట్టిందో, దాన్ని నిషేధించడానికి 1993లోనూ మళ్ళీ 2013లోనూ చట్టాలు ఎందుకు చెయ్యవలసి వచ్చిందో మనకు తెలియనిది కాదు. ట్రే చిన్నదే. దాన్ని ఎవరు పట్టుకోవాలన్న మన నిర్ణయం వెనకున్న చరిత్ర చిన్నది కాదు.

వాసన అనే మాటే కులం వాసన కొడుతుంది. గుడివాడలో నేను ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఒకచోట ఇంటావిడ ముందు 'మీరేమిట్లు?' అని అడిగింది. నేను జవాబు దాటవేస్తే, 'మాకు నీచు వాసనలు పడవండీ' అంది. కుందేలు సంగతి నేనింకా చెప్పనే లేదు. ఆవిడ వద్దన్న వాసన ఏ జంతువుదీ కాదు. పక్కింటి పెంపుడు కుక్క వాసన మనకు అలవాటైపోతుంది, పూజగదిలో మిగిలిన నూనెజిడ్డు వాసన భక్తి అవుతుంది. ముక్కు ప్రకృతి ఇచ్చిందే, కానీ దేన్ని కంపు అనాలో దానికి నేర్పింది సమాజం.

చేపల పేరు మోస్తున్న బందరులో ఈ సంగతి రోజూ కనిపిస్తుంది. గిలకలదిండి రేవులో దిగిన చేపలు ఊరంతా ఇష్టంగా తింటుంది. గంపతో బస్సెక్కిన స్త్రీని చూసి మాత్రం ముక్కు మూసుకుంటుంది. పక్కనే పెడనలో కలంకారీ గుడ్డను పేడనీళ్ళలో నానబెడతారు, కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. ఆ గుడ్డ నగరంలో దుకాణానికి చేరేసరికి దాని వాసన 'సహజం' అయిపోయి ధరలో కలుస్తుంది. ఆ నీళ్ళల్లో రోజంతా నిలబడ్డ చేతుల వాసనకు ధర రాదు.

మహాభారతం కూడా ఇదే చెప్పింది. మత్స్యగంధి కథ మనందరికీ తెలుసు. అయితే ఆమెకొక కవల సోదరుడున్నాడని ఎంతమందికి గుర్తుంది? ఇద్దరూ ఒకే చేప కడుపున పుట్టారు. మగపిల్లాణ్ణి ఉపరిచర వసువు తీసుకున్నాడు, అతను మత్స్యరాజయ్యాడు. అతని ఒంటి వాసన గురించి కథలో ఒక్క మాట లేదు. ఆడపిల్లకు మాత్రం చేపకంపు మిగిలింది, పేరూ అదే అయింది, పడవ నడిపే పనీ మిగిలింది. ఆ కంపు పోగొట్టడానికి ఒక ముని రావాలి, అందుకు బదులుగా ఆమె తన శరీరాన్ని ఇవ్వాలి. అప్పుడామె యోజనగంధి అవుతుంది, అప్పుడే రాజుకు పనికొస్తుంది. పుట్టుక ఒకటే, వాసన మాత్రం ఆడదానిది. కుందేలును తెచ్చిన నాన్న ఒంటికి అంటని కంపు, కడిగే అమ్మ చీరకుచ్చెళ్ళకు ఎందుకంటుకుంటుందో ఈ కథ తెలిసినవాళ్ళకు వింతగా అనిపించదు. 'నీ దగ్గర కుందేలు వాసనేస్తోంది' అని భర్త దూరం జరిగాడని దివిసీమలో ఒక స్త్రీ నాతో నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంతా విన్నాక కొందరు ఒక పరిష్కారం చెబుతారు. 'అంత కష్టమైతే వదిలెయ్యండి, కాలవగట్టున గడ్డి ఉందిగా.' ఇది పరిష్కారం కాదు, హత్య. మన ఇళ్ళల్లో ఉండేది యూరప్ నుంచి వచ్చిన పెంపుడుజాతి. మన పొదల్లో తిరిగే అడవి కుందేలు వేరే జాతి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టడమూ పెంచడమూ నేరం. పెంపుడు కుందేలుకు కుక్క నుంచి పారిపోవడం రాదు, బందరు ఎండ తట్టుకోవడమూ రాదు. కాలవగట్టున అది బతికేది గంటల్లో లెక్క. ఇంట్లో పని పంచుకోలేని చేతకానితనానికి నోరులేని జీవి చావాలా? అలా వదిలేసిన ఇళ్ళల్లోనూ ఆఖరి మాట ఒకటే విన్నాను: 'మా ఆవిడ చూసుకోలేకపోయింది.' కంపూ ఆమెదే, చావూ ఆమె ఖాతాలోదే.

అందుకని, వాసన తగ్గించే చిట్కా అడిగినవాళ్ళకు వెనిగరు సంగతి తప్పకుండా చెప్పండి. దానితోపాటు ఇవి కూడా చెప్పండి. కుందేలును కొనే ముందు ఎవరు ఏ రోజు ట్రే తీస్తారో ఇంట్లో రాసి గోడకు అంటించాలి. అందులో కొన్నవాడి పేరు మొదట ఉండాలి. మగపిల్లలకు వంతు తప్పకూడదు, ఎందుకంటే ఈ పని నేర్చుకోని మగపిల్లవాడు రేపు మరో స్త్రీకి ఇదే మాట చెప్పే మగవాడవుతాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి సెలవు పెట్టే వంతు కూడా ఆ కాగితంలోనే రాయాలి. పనిమనిషి చేత చేయిస్తే ముందుగా ఆమెను అడగాలి, కాదనే హక్కు ఆమెకుండాలి, ఒప్పుకుంటే చేతొడుగులూ విడిగా జీతమూ ఇవ్వాలి. ఇవేవీ కుదరని ఇంటికి కుందేలు రాకూడదు.

ఈ షరతులకు ఒప్పుకున్న ఇళ్ళు నాకు తెలుసు. అవి తక్కువే గానీ ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో కుందేలు గదంతా తిరుగుతుంది, కంపు ఉండదు. అక్కడేమీ అద్భుతం జరగలేదు. తడిసిన గడ్డిని నాలుగు చేతులు తీస్తున్నాయి.